ఆకుపచ్చ చుక్క

ఎండ 58వ రోజు

ఎండ హద్దు దాటిందని సైరన్ ఎనిమిదింటికి మోగింది. గేటు మూశారు. సాయంత్రం ఆరింటికి మళ్ళీ తీస్తారు.

ఆఫీసుకు పంపే పత్రంలో పిల్లల వివరాలు రోజూ రాస్తాను. అందులో పట్టనివి ఈ నోటుబుక్కులో పెట్టుకుంటున్నాను. ఊళ్ళు వదిలొచ్చినవాళ్ళను ఉంచిన ఏడో షెడ్డు బడికి నేను కౌన్సిలర్‌ని. నూట డెబ్బై మంది పిల్లలు. పొద్దున బల్ల దగ్గర కూర్చోగానే తెర మీద నూట డెబ్బై చుక్కలు వస్తాయి. పిల్లల చేతిపట్టీలు వాళ్ళ నిద్రనూ గుండె కొట్టుకోవడాన్నీ చూసి చుక్కకు రంగు వేస్తాయి. ఆకుపచ్చ అయితే బాగున్నట్టు. పసుపు అయితే పిలిచి మాట్లాడాలి. ఎరుపు వరసగా మూడు రోజులుంటే పిల్లను పట్నం హాస్టలుకు పంపమని రాయాలి.

ఈ రోజు పసుపు పదకొండు. అందులో తొమ్మిది మంది తూర్పు వరస వాళ్ళు. అక్కడ ఫ్యాన్లు పాడయ్యాయి, నిద్రలేదు. దానికి కౌన్సిలర్ అక్కర్లేదు, మెకానిక్ కావాలి. అదే రాశాను.

ఎదురెదురుగా కుర్చీలు వేస్తే ఈ పిల్లలు నోరు విప్పరు. అందుకని వంటగదికి కావలసిన వేరుశెనక్కాయలు గంపతో తెప్పించి మధ్యలో పెడతాను. ఒలుస్తూ కూర్చుంటే చేతులకు పని దొరుకుతుంది, మాటలు వాటంతట అవే వస్తాయి. గోడకున్న పెట్టె ఆ మాటలన్నీ విని రాసుకుంటుంది. పిల్లలు దాన్ని చెవి అంటారు.

"మేడమ్, చెవికి గూడా రెండు కాయలు పెట్టు. ఊరికే ఇంటాంది పాపం," అంది శివలింగి అనే అమ్మాయి. అందరూ నవ్వారు. చెవి ఆ నవ్వును కూడా రాసుకుంది.

61వ రోజు

ఎనిమిదో తరగతి ఉలిగమ్మ ప్రార్థనకు ఆలస్యంగా వచ్చింది. వారంలో ఇది నాలుగోసారి. చెప్పులకు ఎర్రమట్టి ఉంది. షెడ్డు చుట్టూ ఉన్నది సుద్దనేల, ఎర్రమట్టి లేదు.

ఆ పిల్లను పిలవాల్సిన అవసరం లేదు. ఆమె చుక్క నలభై రోజులుగా ఆకుపచ్చే. నాకు అదే నచ్చలేదు. ఎండ కాలంలో అన్ని రోజులు ఎవరి చుక్కా అలా ఉండదు. పెద్దవాళ్ళకూ పట్టీలుంటాయి, నాది నిన్న పసుపు.

గంప ముందు కూర్చోబెట్టాను. త్వరత్వరగా ఒలిచింది. పప్పులు ఒక్కటీ నోట్లో వేసుకోలేదు.

"పొద్దున్నే యాడికి పోతాండావే?" అని అడిగాను.

"ఊరికే మేడమ్."

"ఎవరితోనన్నా పోతాండావా?"

"లేదు మేడమ్. ఒకదాన్నే."

పిల్లలు గేటు తీసినప్పటినుంచి సైరన్ మోగేలోపు బయట నడవచ్చు. నడక మంచిదని గోడ మీద మేమే రాయించాం. గేటుకు అర కిలోమీటరు దూరంలో సున్నం కొట్టిన రాళ్ళ గీత ఉంది. అది దాటకూడదు. ఇంకేం అడగాలో తోచక పంపేశాను.

చెవి ఇచ్చిన సారాంశం: గమ్యం లేని నడక. ఆందోళన లేదు. ఆకుపచ్చ.

63వ రోజు

సైరన్ ఏడు నలభైకి వచ్చింది.

ఉలిగమ్మ తల్లి ఈరమ్మ వంటగదిలో పని చేస్తుంది. గంప తిరిగి ఇవ్వడానికి నేనే వెళ్ళాను. వీళ్ళది చెలిమిదిన్నె. బోర్లన్నీ ఎండిపోయాక రెండేళ్ళ కింద ఆ ఊరు మూసేశారు. మనుషులను ఇక్కడికి తెచ్చారు.

తండ్రి తిప్పేస్వామికి షెడ్డులో నిద్ర పట్టేది కాదు. నాలుగొందల మంది పడుకునే చోట, పైన ఫ్యాన్ల హోరు. ఆయన చుక్క తొమ్మిది రోజులు ఎర్రగా ఉంది. పెద్దవాళ్ళకు ఎరుపు పదో రోజుకు వస్తే మనసు కుదుటపరిచే నెమ్మది కేంద్రానికి పంపుతారు. అక్కడికి పోయినవాళ్ళు తొందరగా రారు. ఆయన తొమ్మిదో రోజే వెళ్ళిపోయాడు. పట్నంలో కూలికి పోయాడని రిజిస్టర్లో ఉంది.

"ఉలిగమ్మ అన్నం బాగా తింటాందా?" అని అడిగాను.

"దానికేం మేడమ్, రాయిలాగుంది."

"ఆయన కబురేమన్నా తెలిసిందా?"

"పట్నంలో ఉండాడు," అంది, సంగటి గిన్నెలోకి చూస్తూ. తెడ్డు ఆపలేదు. గంప మూలన పెట్టి వచ్చేశాను.

66వ రోజు

సైరన్ ఏడు ఇరవైకి వచ్చింది. ఉలిగమ్మ గేటులోకి వచ్చిన టైము ఏడు పదిహేడు. రిజిస్టరులో చూశాను. మూడు నిమిషాలు.

మర్నాటిదాకా ఆగలేక సాయంత్రం గేటు దగ్గరికి వెళ్ళాను. కాపలాదారు ఎర్రిస్వామి స్టూలు మీద కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు.

"ఏం మేడమ్, ఇట్లొస్తివి?"

"ఊరికే," అన్నాను.

ఆయన నవ్వాడు. "ఊరికే అంటే ఎట్ల? ఊరికి పోయే దోవ ఇదే కదా. మీదీ చెలిమిదిన్నేనా యేంది?"

"ఏమంటివి?"

"ఏం లేదులే మేడమ్, పరాచికానికి అంటి. ఆ ఉలిగి గూడా దినామూ ఇదే మాట. యాడికే అంటే ఊరికే అంటాది. సరే పోయి రాపో, మీ ఊరు యాడికీ పోలేదు అంటా నేను. నవ్వుకుంటా పోతాది."

నేను నవ్వలేకపోయాను. గదికి వచ్చి చెవి రాసిన పాత కాగితాలన్నీ తీశాను. ప్రార్థనలో టీచరు, తరగతిలో మాస్టరు, నేను, అందరం ఒకే ప్రశ్న వేశాం. యాడికి పోయొస్తివి? పంతొమ్మిదిసార్లు అదే జవాబు, ఊరికే. పంతొమ్మిదిసార్లూ చెవి దాన్ని ఏమీ లేదన్నట్టు రాసుకుంది. నేనూ అలాగే విన్నాను. నా చదువంతా పిల్లలు చెప్పేది వినడానికి.

చెలిమిదిన్నె ఐదు కిలోమీటర్లు. పోవడానికి గంట, రావడానికి గంట. గేటు పొద్దున ఐదింటికి తీస్తారు. సైరన్ ఏడింటికి వచ్చిన రోజు ఏమవుతుందో లెక్క వేయడానికి పెన్ను అక్కర్లేదు.

హెడ్మాస్టరు వీరభద్రప్పను పేరు చెప్పకుండా అడిగాను, గీత దాటిన పిల్లలకు ఈ ఏడాది నిబంధన ఏమైనా మారిందా అని.

"అదేమమ్మా, కొత్తగా అడుగుతావు? గీత దాటితే హాస్టలే. పేరు చెప్పు, ఇప్పుడే సంతకం పెడతా."

"ఎవరూ లేరు సార్."

పోయినేడు ఒకమ్మాయి పేరు నేనే రాసి పంపాను. హాస్టల్ నుంచి మూడు ఉత్తరాలు రాసింది. మొదటిది రెండు పేజీలు. మూడోది రెండు వరసలు.

67వ రోజు

చెవి లేని చోటు బడిలో ఒకటే, నీళ్ళ కొళాయిల వరస. అక్కడ నీళ్ళ హోరుకు ఏ పెట్టె పెట్టినా పని చేయదు. ఉలిగమ్మ పక్కన బిందె పట్టుకుని నిలబడ్డాను.

"చెలిమిదిన్నెకు పోతాండావు."

"ఔ."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తి కదా మేడమ్, అడిగినప్పుడల్లా. నేనేం అబద్ధం చెప్పలే. నువ్వే సరిగ్గా ఇనలే."

బిందె కొళాయి కిందికి జరిపాను. "అక్కడెవరున్నారు?"

"మా నాయన."

రెండు సీసాల నీళ్ళు, ఒక సంగటి ముద్ద రోజూ తీసుకుపోతోంది. వంకలో తవ్విన చెలిమలో గ్లాసుడు నీళ్ళు ఊరుతాయట, తెల్లారేసరికి. ఆయన అక్కడ బాగా నిద్రపోతున్నాడట. ఈ మాట చెప్పేటప్పుడు పిల్ల ముఖం తేటగా ఉంది. చుక్క ఆకుపచ్చగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. చేయాల్సిన పని ఒకటి ఉంది, అది రోజూ పూర్తవుతోంది. పట్టీ చూసేది అంతే.

"రేపు సైరన్ ఏడింటికంట. రేపు పోవద్దు. నేనేదో ఒకటి ఆలోచిస్తా."

"నువ్వు ఆలోచించేదాంక ఆయన ఏం తాగల్ల?"

బిందె నిండి పొర్లింది. నేను కొళాయి కట్టేశాను.

69వ రోజు

నిన్నటిది ఈ రోజు రాస్తున్నాను. ఆస్పత్రి వరసలో మంచం మీద ఉన్నాను. చేతికి సెలైన్ ఉంది, అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

నిన్న గాలిదుమ్ము లేచి గేటు ఐదున్నరకు తీశారు. నేను గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఐదు నలభై.

"ఉలిగమ్మ పోయిందా?"

"తీసీతీయకముందే దూరింది మేడమ్. ఉరుకుతా పోయింది," అన్నాడు ఎర్రిస్వామి.

ఏడులోపు తిరిగి రాలేనని ఆ పిల్లకు తెలుసు. రావాలని అనుకోలేదు. పగలంతా ఊళ్ళోనే ఉండిపోదామనుకుంది. ఈ మాట తర్వాత తనే చెప్పింది.

నా దగ్గర లీటరు సీసా ఒకటి ఉంది. గీత దాటాను. పన్నెండేళ్ళ ఉద్యోగంలో అదే మొదటిసారి. రోడ్డు తారు లేచిపోయి ఉంది. ఆరున్నరకు వెనకనుంచి సైరన్ వినిపించింది. ఏడింటికి అన్నారు. ముందు చెప్పకుండా అరగంట ముందుకు జరిపారు. వెనక్కి తిరిగి చూశాను. గేటు కనబడేంత దగ్గర్లో లేను. మోగాక అది ఎవరికీ తెరవరు, వైద్యబండికి తప్ప.

సగం దూరంలో రోడ్డు కింద మోరీ ఉంది. దాని అంచున ఉలిగమ్మ కూర్చుని తెగిన చెప్పుకు గుడ్డపీలిక కడుతోంది. నన్ను చూసి లేచి పరుగెత్తబోయింది. రెండు అడుగులు వేసి ఆగింది. అప్పటికే నేల కాలుతోంది.

ఇద్దరం మోరీలోకి దూరాం. వంగి కూర్చునేంత ఎత్తు. లోపల ఇసుక కొంచెం చల్లగా ఉంది. బయట వెలుతురు తెల్లగా అయిపోయింది.

పెద్దవాళ్ళ పట్టీకి ఒక మీట ఉంటుంది. మూడుసార్లు నొక్కితే వైద్యబండి వస్తుంది. ఆడుకుంటూ నొక్కుతారని పిల్లల పట్టీలకు అది పెట్టలేదు. నేను నొక్కితే పిల్ల బతికి బయటపడుతుంది. గీత దాటినట్టు రికార్డవుతుంది, హాస్టలుకు పోతుంది. ఎందుకు దాటిందని చూస్తారు, తండ్రి దొరుకుతాడు. నొక్కకపోతే సాయంత్రం ఆరుదాకా పదకొండున్నర గంటలు. ఇదంతా ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"నీకు చెమట ఆగినా, మాట తడబడినా నొక్కుతా. నిన్నడగను. ఇప్పుడే చెప్తాండా," అన్నాను.

"నీకు ఆగితే?"

"నాకు ఆగినా నొక్కుతా."

"సరే."

నీళ్ళ దగ్గర గొడవ వచ్చింది. తన రెండు సీసాలు ముట్టనివ్వలేదు. "ఇవి మా నాయనవి. నువ్వు తెచ్చుకున్యావు కదా, అవి తాగుదాం." నా లీటరు ఇద్దరికీ మధ్యాహ్నందాకా కూడా రాదు. బతిమాలాను. గట్టిగా చెప్పాను. సీసాలు ఒళ్ళో పెట్టుకుని మోకాళ్ళతో బిగించి కూర్చుంది. చివరికి సీసా మూత తీసి చూపించాను. స్టీలు మూత, నాలుగు గుటకలు పడుతుంది.

"అరగంటకు మూడు మూతలు. ఒకటి నీకు, ఒకటి నాకు, ఒకటి మీ నాయనకు. ఆయన మూత ఎవరూ ముట్టం. వేరే సీసాలో పోద్దాం."

ఆలోచించింది. "ముందు నాయనది పోయల్ల."

"ముందు ఆయనదే."

అలాగే చేశాం. మోరీ ఇసుకలో దొరికిన ఖాళీ సీసాను తుడిచి నాయన సీసా అని పెట్టింది. ప్రతిసారీ మూత అంచుదాకా నిండిందో లేదో వంగి చూసేది. నాకు పోసేటప్పుడు అంత చూడలేదు. నేను అంటే, "నువ్వు పెద్దదానివి, సర్దుకో," అంది. పదకొండింటికి అడిగాను, పెద్దయ్యాక ఏం చేస్తావని. బడిలో అందరినీ అడిగే ప్రశ్న, అలవాటుగా నోట్లోంచి వచ్చింది. "ఈ మోరీలో అడుగుతావా మేడమ్ అది?" అంది. ఆ తర్వాత, "డ్రైవరు," అంది.

ప్రతి పది నిమిషాలకూ ఆమె నుదురు తడిమి చూశాను. తడిగా ఉంటే ఊపిరి వదిలేదాన్ని. నా చేయి విదిలించుకునేది.

మధ్యాహ్నం రెండు దాటాక బయట అడుగుల చప్పుడైంది. తల మీద గోనెపట్టా కప్పుకున్న మనిషి మోరీ ముందు నిలబడ్డాడు. పిల్ల పొద్దున రాలేదని వెతుక్కుంటూ బయలుదేరాడు. ఎండలో రెండున్నర కిలోమీటర్లు. గోనెను తడిపి కప్పుకున్నాడేమో, అది ఎండి అట్టలా అయింది.

"నాయనా!"

ఉలిగమ్మ లోపలికి లాగింది. ఆయన చర్మం పొడిగా, పెనంలా వేడిగా ఉంది. చెమట చుక్క లేదు. కూతురి వైపు చూడలేదు. నా వైపు చూసి, "కండక్టరమ్మా, చెలిమిదిన్నె స్టాపు వస్తే రవ్వంత చెప్పమ్మా," అన్నాడు. ఆ రోడ్డు మీద బస్సులు ఆగిపోయి ఎనిమిదేళ్ళయింది.

నాయన సీసాలో నీళ్ళు లీటరుకు కొంచెం తక్కువగా ఉన్నాయి. ఉలిగమ్మ నోటికి పెట్టింది. మింగలేకపోయాడు. నీళ్ళు గడ్డం మీదుగా ఇసుకలోకి పోయాయి. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పోయాయి.

నేను ఆ పిల్ల ముఖం చూస్తూ ఉన్నాను. నొక్కాలని తెలుసు. నొక్కితే ఆయన నెమ్మది కేంద్రానికి, ఈమె హాస్టలుకు అని తెలుసు. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. చాలాసేపు కాదు, కానీ ఉన్నాను.

ఉలిగమ్మ సీసా కింద పెట్టింది. నా మణికట్టు పట్టుకుని తన వైపు లాక్కుంది. మీట ఎక్కడుందో వేలితో వెతికింది. మూడుసార్లు నొక్కింది.

బండి ఇరవై నిమిషాలకు వచ్చింది.

70వ రోజు

తిప్పేస్వామికి తెలివి వచ్చింది. నడవలేడు. మూత్రపిండాలు చూడాలన్నారు. లేచాక నెమ్మది కేంద్రానికే.

ఈరమ్మ నా మంచం దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"నాకు తెల్దనుకున్యావా మేడమ్? నా పాలి నీళ్ళు గూడా ఆ సీసాల్లోకే పోస్తాంటి. అడిగితే అది మానేస్తాదేమోనని అడగలే." సెలైన్ సీసా వైపు చూసి, "సైరన్ సంగతి నాకు తట్టలే," అంది. నా దుప్పటి సర్ది పనికి పోయింది.

వీరభద్రప్ప కూడా వచ్చాడు. విచారణ శుక్రవారం. గురువారంలోగా వాంగ్మూలం రాసివ్వాలి. "పిల్ల తనంతట తను దాటిందా, నువ్వు తీసుకుపోయినావా? ఆ ఒక్కటీ తేలితే చాలమ్మా," అన్నాడు. అడిగిన తీరులో దయ ఉంది. ఏ జవాబుకు ఎవరు పోతారో ఇద్దరికీ తెలుసు. పెద్దవాళ్ళ వెంట పోయిన పిల్లకు శిక్ష లేదు. తీసుకుపోయిన పెద్దవాళ్ళకు ఉద్యోగం ఉండదు.

తెర తెప్పించుకుని చూశాను. ఉలిగమ్మ చుక్క మొదటిసారి ఎర్రగా ఉంది. ఎండలో ప్రాణం మీదికి తెచ్చుకుంటూ నడిచిన నలభై చిల్లర రోజులూ ఆకుపచ్చ. ఇప్పుడు నీడలో, తల్లి పక్కన ఉంది, ఎరుపు. ఇంకా రెండు రోజులు ఇలాగే ఉంటే దానికి కూడా హాస్టలే.

71వ రోజు

గదికి వచ్చాను. వాంగ్మూలం రాశాను. రెండే వాక్యాలు. 'విద్యార్థినిని గీత దాటించి తీసుకువెళ్ళింది నేను. ఎండ దెబ్బ తగిలిన మనిషి కనబడగానే పట్టీ నొక్కింది నేను.' రెండోది ఎందుకు రాశానంటే, తండ్రిని పట్టించింది తనేనన్న మాట ఆ పిల్ల మీద పడకూడదని.

ఉలిగమ్మ పిలవకుండానే వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చుక్క ఎరుపే. గంప తెప్పిస్తానన్నాను, వద్దంది. నిలబడే ఉంది. బల్ల మీద కాగితం అటునుంచి తలకిందులుగా కనబడుతోంది. ఆమె దాన్ని తన వైపు తిప్పుకుంది. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

"ఇదేంది?"

"గురువారంలోగా ఇయ్యల్ల."

"నొక్కింది నువ్వా?"

"నీ మీదికి రాకూడదని..."

"నువ్వు నొక్కలే!" గొంతు పెద్దదైంది. గోడ మీద చెవి పచ్చ దీపం వెలిగించి రాసుకోవడం మొదలుపెట్టింది. "నువ్వు నా మొగం చూస్తా కూర్చున్యావు. నేను నొక్కితి. నొక్కితే తీసకపోతారని నాకు తెలుసు. తెలిసే నొక్కితి. నొక్కితి కాబట్టే ఆయన ఉండాడు. నీ పేరెందుకు రాస్కుంటివి?"

తర్వాత ఏడ్చింది. నెమ్మదిగా కాదు, బల్లను రెండు చేతులతో పట్టుకుని, బయట వరండాలో పోయేవాళ్ళు ఆగేంత గట్టిగా. నేను లేచి తలుపు వేశాను. ఊరుకోమనలేదు. పావుగంట పట్టింది.

ఆగాక పెన్ను తీసుకున్నాను. రెండో వాక్యంలో 'నేను' కొట్టేసి 'ఉలిగమ్మ' అని రాశాను. ఆమె వంగి చూసింది. తన పేరు ముందు 'ఎనిమిదో తరగతి' అని కూడా పెట్టమంది. పెట్టాను.

మొదటి వాక్యం అలాగే ఉంది. అదీ అబద్ధమేనని ఆమెకు తెలుసు. దాన్ని కూడా కొట్టేయమంటే ఏం చెప్పాలా అని చూస్తున్నాను. ఉలిగమ్మ తల ఎత్తి గోడ మీద చెవి వైపు ఒకసారి చూసింది. దాని పచ్చ దీపం ఇంకా వెలుగుతోంది. ఆ వాక్యం కింద వేలు పెట్టి, మొదటినుంచి చివరిదాకా గీత గీసినట్టు జరిపి, నా వైపు చూసింది.

"ఇదుండనీ మేడమ్," అంది.